ఉపవాసి బరువు

ఆ వేసవిలో మా బావ పొట్ట ప్రజాసమస్య అయింది. అంతకుముందు అది కేవలం గృహసమస్య.

భోజనం చేసిన కాసేపటికి ఆయన ఉన్నట్టుండి మాట ఆపి, రెండు చేతులూ బొడ్డు చుట్టూ చేర్చి, రాయబారి చక్రవర్తి ఎదుట వంగినట్టు వంగేవాడు. ఆ వంగడంలో ఎంతటి సంస్కారం కనిపించేదంటే, ఎదుట కూర్చున్నవాళ్ళు కారణం తెలియకపోయినా తామూ కొంచెం వంగేవారు. కొంతసేపటికి నొప్పి సెలవు పుచ్చుకునేది. ఆయన నిటారుగా లేచి, మాటను వదిలిన చోటే అందుకునేవాడు. ఆయన భార్య, అంటే మా అక్క, వడ్డించబోయిన గరిటెను గాలిలోనే ఆపి చూస్తూ ఉండేది. వాళ్ళింట్లోనే ఒక గదిలో కాపురముంటున్న బ్రహ్మచారిని నేను. నా కంచంలోకి రావలసిన పదార్థం ఆ గరిటెలో ఉండిపోయినందుకు విచారిస్తూ ఉండేవాణ్ణి.

వీధి చివరి డాక్టరు దాన్ని గ్యాస్ అన్నాడు. తరువాత ఆమ్లం అన్నాడు. బావ కార్మిక సంఘానికి అధ్యక్షుడని తెలిశాక, ఆలోచనలు తగ్గించుకోమన్నాడు. స్కానింగుకు కూడా పంపించాడు. కాని ఆ నొప్పికి సభామర్యాద తెలుసు. పరీక్షల బల్ల కనబడగానే తప్పుకునేది. చల్లని జిగురు పూసి చూసినప్పుడు తెర మీద ప్రత్యక్షమైన పొట్ట, జగత్తులోని సౌమ్యమైన పొట్టలన్నిటికీ ఆదర్శంగా ఉంది.

"అది వచ్చినప్పుడు చూడాలండీ, పోయాక చూస్తే ఏముంటుంది," అంది అక్క.

"వచ్చినప్పుడు నేను నడవలేను కదే," అన్నాడు బావ.

తర్కం అక్కడితో ఆగింది. నొప్పి ఆగలేదు.

మేమిద్దరం పనిచేసే కార్ఖానాలో కాటాలు తయారవుతాయి: దుకాణాల్లో పెట్టే చిన్న త్రాసుల నుంచి, బస్తాలు ఎత్తి తూచే బల్లకాటాల దాకా. బావ బిగింపు విభాగానికి పెద్ద మేస్త్రి. నేను తూకపురాళ్ళ మీద ముద్ర కొట్టే గదిలో పనివాణ్ణి. కాటాలు చేసేవాళ్ళకు ఒక వృత్తిరోగం ఉంటుంది. మనుషులు చెప్పేది వింటారు. ముల్లు చెప్పేది నమ్ముతారు. మా కార్ఖానాలో పెళ్ళిచూపులకు వెళ్ళి వచ్చినవాడు కూడా పిల్ల ఎలా ఉందో చెప్పడు, ఎంత బరువుంటుందో చెబుతాడు. మా బావ ఈ మతానికి పీఠాధిపతి. ఆయన చేతిలో బిగిసిన కాటా మీద ఈగ వాలితే ముల్లు లేచి పలకరిస్తుందని మావాళ్ళు చెప్పుకునేవారు.

ఆ వేసవి మొదట్లో యాజమాన్యం ఒక ప్రకటన అతికించింది. ముల్లుకాటాల విభాగం మూసేస్తారట. అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటాలు బయటినుంచి తెప్పించి, మా కంపెనీ పేరు తగిలించి అమ్ముతారట. మాలో సగం మంది ఇళ్ళకు పోవాలి. సమ్మె మొదలైంది. గేటు ముందు గుడారం వేశారు. ఆ గుడారంలో జరిగిన మొదటి సభలో బావ లేచి, చరిత్ర తన వైపే చూస్తున్నదన్న ధీమాతో, ఒక ప్రతిపాదన చేశాడు.

"నేను నిరాహారదీక్షకు కూర్చుంటాను. పక్కన మన బల్లకాటా పెట్టండి. రోజూ పొద్దున్నే అందరి ముందూ నన్ను తూచండి. నేను నిజంగా పస్తున్నానని కాటా చెబుతుంది. మన కాటా నిజం చెబుతుందని నా ఒళ్ళు చెబుతుంది."

ఒకదానికొకటి సాక్ష్యమిచ్చుకునే ఈ ఏర్పాటులోని గాంభీర్యానికి సభ కరిగిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చాక అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"కడుపునొప్పి మనిషి కడుపు మాడ్చుకుంటానంటే వినేవాళ్ళు నవ్వరూ?"

"తింటే కదా నొప్పి వచ్చేది. తినకపోతే దానికిక్కడ పనేముంది?"

"ఆ ముక్క సభలో చెప్పారా?"

"అక్కడ చెబితే దాన్ని దీక్ష అనరే, వైద్యం అంటారు."

అక్క నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. తరువాత, "సరే, మీ పక్కన నేనుంటాను," అంది. "పగలంతా మీ చుట్టూ జనం ఉంటారు, అప్పుడు నేను కాంటీన్ గదిలో పడుకుంటాను. రాత్రిళ్ళు మేలుకుంటాను. అదొస్తే చూసేవాళ్ళుండాలి."

అలా ఆ గుడారంలో ఒకరు తినకుండా, ఒకరు నిద్రపోకుండా, రెండు దీక్షలు ఆరంభమయ్యాయి. వాటిలో ఒక్కదానికే బ్యానరు కట్టారు.

*

ముందుగా జరిగిన విశేషం ఏమిటంటే, దీక్ష మా బావ ఒంటికి పడింది.

నొప్పి అంతర్ధానమైంది. నెలల తరబడి ముడుచుకుని ఉన్న నుదురు విప్పారింది. ఆయన గుడారంలో దిండుకు ఆనుకుని, ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని, కుడిచేత్తో శ్రోతలను ఆశీర్వదిస్తూ, విడిదికి వచ్చిన జమీందారులా ప్రకాశించాడు. పత్రికవాళ్ళు వచ్చిన రోజున మావాళ్ళు కంగారుపడ్డారు.

"అన్నా, కాస్త నీరసంగా కనబడు. ఫోటో తీస్తున్నారు."

"నీరసం రావట్లేదురా, ఏం చెయ్యను?"

"పోనీ ఆ నవ్వైనా ఆపు."

కాని కాటా ఆయన పక్షమే పలికింది. పొద్దున్నే ముల్లు మేస్త్రి వచ్చేవాడు. తయారైన ప్రతి కాటాకూ ఆఖరి పరీక్ష చేసి ముల్లు సరిచూసే పెద్దమనిషి ఆయన. బావకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన నోట 'సుమారు' అన్న మాట విన్నవాళ్ళు లేరు. ముందుగా రాళ్ళు పెట్టి కాటాను పరీక్షించేవాడు. తరువాత మెత్తని గుడ్డతో బల్ల తుడిచి, "ఎక్కరా," అనేవాడు. బావ పట్టాభిషేకానికి సింహాసనమెక్కినట్టు ఎక్కేవాడు. మేస్త్రి దూలం మీది గుండును గోటితో అటూ ఇటూ జరిపి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, బరువు చదివేవాడు. నిన్నటికన్నా తగ్గింది. జనం చప్పట్లు. ఒక మనిషి తరిగిపోతుంటే అంతమంది అంత ఆనందించడం నేను అంతకుముందు చూడలేదు.

తరువాత ఒక ఉదయం ముల్లు నిన్న నిలిచిన చోటే నిలిచింది.

మేస్త్రి గుండును వెనక్కి లాగి, మళ్ళీ జరిపాడు. మళ్ళీ అక్కడే. చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక చేతులు గాలిలో ఆగిపోయాయి. "నీళ్ళు ఎక్కువ తాగి ఉంటాడు," అన్నారెవరో. బావ నిజంగానే నీళ్ళు బాగా తాగుతున్నాడు. ఎండలు అలా ఉన్నాయి. అందరం ఆ వివరణను కృతజ్ఞతతో స్వీకరించాం.

ఆ రోజే ఆయన మళ్ళీ వంగాడు. గుడారం నిండా జనం ఉన్నారు; పక్క కార్ఖానా నుంచి సంఘీభావం తెలపడానికి ఒక బృందం వచ్చింది. వాళ్ళు దండ వేయబోయే సమయానికి బావ చేతులు బొడ్డు మీదికి తెచ్చుకుని వంగాడు. ఇంత పెద్ద నాయకుడు ఇంత అణకువతో ఉండడం చూసి వాళ్ళ కళ్ళు చెమర్చాయి. పెద్దగా చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకా కిందికి వంగాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

వాళ్ళు వెళ్ళాక, చప్పట్లకు నిద్ర లేచి అంతా చూసిన అక్క ఆయన దగ్గరికి వచ్చి, "అదొచ్చింది కదూ," అంది.

"లేదే."

"వంగారు."

"జనానికి దండం పెట్టాను."

"దండం పెట్టినవాళ్ళకు చెమటలెందుకు పడతాయండీ? ఆసుపత్రికి పోదాం."

"పోతే సెలైన్ ఎక్కిస్తారు. అదీ తిండి కిందికే వస్తుంది. నాలుగు రోజులు ఓపిక పట్టు, యజమాని దిగివస్తున్నాడని కబురు." ఆయన నా వైపు తిరిగాడు. "ఏమోయ్ బావమరిదీ, మీ అక్కకు చెప్పు. నువ్వు చదువుకున్నవాడివి."

చదువుకున్నవాణ్ణని ఎవరైనా గుర్తుచేసినప్పుడల్లా నాకు మాట పడిపోతుంది. ఆసుపత్రికి వెళితే దీక్ష భగ్నమవుతుంది. వెళ్ళకపోతే ఏమవుతుందో తెలియదు. తెలిసినదానికి భయపడాలా, తెలియనిదానికి భయపడాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. అక్క నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి తడిగుడ్డ తెచ్చింది.

ఆ తరువాత పొట్ట పెరగడం మొదలైంది. ముందు చొక్కా గుండీల మధ్య సందుల్లో కనిపించింది. తరువాత గుండీలే తమ బాధ్యతను వదులుకున్నాయి. చేతులు పుల్లల్లా, బుగ్గలు గుంటల్లా, నడుమ మాత్రం నిండుగా, బిగువుగా, సంపన్న గృహస్థుడి పొట్ట. వారం రోజులుగా విందులు ఆరగించిన మనిషిని, వారం రోజులుగా పస్తున్న మనిషిని ఒకే చర్మంలో కుట్టినట్టుంది.

ఒక ఉదయం ముల్లు మేస్త్రి మూడుసార్లు తూచాడు. రాళ్ళు మార్చి తూచాడు. కాటాను చదునైన చోటికి జరిపించి తూచాడు. చివరికి చదివాడు. నిన్నటికన్నా ఎక్కువ.

వెనకవరసలోంచి ఒక గొంతు చాలా మర్యాదగా అడిగింది. "అన్నా, మేమూ దీక్ష చేస్తాం. ఆ నీళ్ళేవో మాకూ పొయ్యండి."

నవ్వు గుడారం ఒక మూలనుంచి ఇంకో మూలకు పాకింది. గేటు అవతల మేనేజరు చెవిని పడింది. ఆయన ఎంతో సానుభూతితో తన కొత్త ఎలక్ట్రానిక్ కాటాను పంపించాడు. పాత కాటాకు వయసు మీద పడి ఉండవచ్చునట. బావ దాని మీదా ఎక్కాడు. ఎర్రని అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. అవి ముల్లు చెప్పినదాన్నే గ్రాము తేడా లేకుండా చెప్పాయి. ఆ సమ్మెకాలమంతటిలో కార్మికులూ యాజమాన్యమూ ఏకీభవించిన సందర్భం అదొక్కటే.

మేస్త్రి గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, స్నేహితుడి పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్, నాతో చెప్పు. ఏదైనా తిన్నావా?"

"లేదు."

"మరి కాటా?"

"కాటా తప్పు చూపిస్తోందా?"

"లేదు."

"రాళ్ళు?"

"రాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి."

"అది నేను బిగించిన కాటా," అన్నాడు బావ నెమ్మదిగా. ఆయన కాటా వైపు చూస్తున్నాడు. తన కొడుకు సాక్షిబోనులో నిలబడి తనకు వ్యతిరేకంగా నిజం చెబుతుంటే, గర్వపడాలో కుంగిపోవాలో తేల్చుకోలేని తండ్రిలా చూస్తున్నాడు.

"ఆయనేం తినలేదన్నయ్యా," అంది అక్క. "రాత్రంతా నేను పక్కనే ఉన్నాను. నిన్నా ఉన్నాను, మొన్నా ఉన్నాను. కన్ను మూయలేదు."

మేస్త్రి ఆమె వైపు గౌరవంగా చూసి, మళ్ళీ కాటా వైపు చూశాడు.

మధ్యాహ్నం బావ అందరినీ పిలిపించాడు. ఇద్దరు పట్టుకుంటే లేచి నిలబడ్డాడు. ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో అది చిన్నది.

"నేను తిన్నాను," అన్నాడు. "ఎప్పుడు తిన్నానో, ఏం తిన్నానో నాకు తెలియదు. నిద్రలో లేచి తిని ఉండాలి. తినకుండా ముల్లు పైకి పోదు. మన కాటా అబద్ధమాడుతుందని నేను చెప్పలేను. అలా చెబితే మనం ఈ గుడారం వేసుకున్నదే వృథా. కాబట్టి తప్పు నాది. దీక్ష విరమిస్తున్నాను."

తమ నాయకుడు అబద్ధం చెప్పి ఉంటే వాళ్ళు అర్థం చేసుకునేవారు. తనకే తెలియని నేరాన్ని ఇలా ఒప్పుకునేసరికి ఏం చేయాలో పాలుపోక, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నీడ ఉన్న వైపుకి జరిగారు.

అక్క ముందుకు వచ్చింది. "నేను మేలుకునే ఉన్నాను కదండీ," అంది, ఆయనకు మాత్రమే వినబడేలా. పక్కనున్న నాకూ వినబడింది.

"నీకూ ఎక్కడో కునుకు పట్టి ఉంటుందే," అన్నాడు బావ.

ఆమె వంగి చాప చుట్టింది. నీళ్ళ గ్లాసు బోర్లించి, తడి పోయేదాకా విదిలించి, సంచిలో వేసుకుంది.

*

ఇంటికి వచ్చాక ఆమె ఆయనకు పాలలో నానబెట్టిన రొట్టె పెట్టింది. దోషిగా తేలిన మనిషి భోజనం చేసే తీరు ఒకటి ఉంటుంది. తలెత్తకుండా, రుచి చూడకుండా, శిక్షలో భాగంగా తింటాడు. ఆయన అలాగే తిన్నాడు.

కంచం కడిగేలోగా నొప్పి వచ్చింది. ఈసారి అది పాత పరిచయస్థుడిలా రాలేదు. జప్తుకు వచ్చినట్టు వచ్చింది. ఆయన వంగలేదు, కింద పడిపోయాడు. తిన్న రొట్టె వెనక్కి వచ్చింది. ఆ తరువాత నీళ్ళు. ఆ తరువాత ఆకుపచ్చని చేదు. ఒక మనిషిలో పట్టే నీళ్ళు కావవి. పొట్ట డోలులా బిగిసి ఉంది.

"తమ్ముడూ, బండి," అంది అక్క.

నేను కార్ఖానా గేటుకు పరుగెత్తాను. సరుకు చేరవేసే వ్యాన్ తాళాలు సమ్మె కమిటీ దగ్గర ఉన్నాయి. ఇస్తే సమ్మె నిబంధన భంగమవుతుందా కాదా అని ఇద్దరు చర్చ మొదలుపెట్టారు. ముల్లు మేస్త్రి ఆ ఇద్దరి మధ్యలోంచి చెయ్యి పెట్టి తాళాలు లాక్కుని, తనే నడిపాడు. వెనక, ఖాళీ కాటాపెట్టెల మధ్య, బావ తల అక్క ఒళ్ళో ఉంది. అదుపులో లేని పెట్టె ఒకటి ప్రతి మలుపులోనూ నా మోకాళ్ళను కొలుస్తూ వచ్చింది.

పెద్దాసుపత్రిలో సర్జన్ ఒకావిడ చూసింది. జుట్టు గట్టిగా ముడి వేసుకుని, మాటను కూడా అంతే గట్టిగా ముడివేసే మనిషి. వేళ్ళతో పొట్ట నొక్కింది. "ఆఖరుసారి ఎప్పుడు తిన్నారు?"

"ఇందాక, పాలూ రొట్టె," అంది అక్క. "అంతకుముందు దీక్షలో ఉన్నారు. ఏమీ తినలేదు."

"తిన్నాను," అన్నాడు బావ స్ట్రెచర్ మీద నుంచి. "మధ్యలో, నిద్రలో."

"ఏం తిన్నారు?"

"తెలియదండీ."

సర్జన్ ఇద్దరినీ చూసింది. తరువాత నన్ను చూసింది, ముగ్గురిలో మతిస్థిమితం ఎవరి దగ్గర ఉందో విచారించే ధోరణిలో. నేను చూపు దించుకున్నాను. ఆవిడ మమ్మల్ని వదిలేసి, సీటీ స్కాన్ తీయించింది. నొప్పి ఈసారి తప్పుకోలేకపోయింది. చిత్రంలో, ఒక గుండ్రం లోపల ఇంకో గుండ్రం, గురి చూసి కొట్టడానికి గీసిన లక్ష్యంలా ఉంది.

"పేగులోకి పేగు దూరింది," అందావిడ. తన తెల్లకోటు చెయ్యి సగం విడిచి, దాని అంచును లోపలికి తోసి చూపించింది. "చొక్కా విప్పేటప్పుడు చెయ్యి ఇలా లోపలికి మడత పడుతుంది చూడండి, అలాగ. చిన్నపిల్లల్లో చూస్తుంటాం. ఈ వయసులో అరుదు. పెద్దవాళ్ళలో పేగు మూసుకుపోయినవాళ్ళందరినీ తీసుకుంటే నూటికి ఏ కొద్దిమందికో ఇది కారణమవుతుంది."

"కొద్దిమంది అంటే ఎంతమందండీ?" అన్నాడు మేస్త్రి.

"కొద్దిమంది," అందావిడ. "పెద్దవాళ్ళకు ఇలా అయితే చాలాసార్లు లోపల గోడకు ఏదో ఒక గడ్డ ఉంటుంది. పేగు దాన్ని ఆహారమనుకుని ముందుకు తోస్తుంది. అది గోడకే అతుక్కుని ఉంటుంది కనుక, దానితో పాటు గోడా ముందున్న పేగులోకి పోతుంది. ఇన్నాళ్ళూ దూరడం, మళ్ళీ దానంతటదే విడిపోవడం జరిగి ఉంటుంది. అందుకే నొప్పి వచ్చిపోయేది. ఇప్పుడు విడిపోలేదు. ఆపరేషన్ చెయ్యాలి. ఆ భాగం తీసేస్తాం. గడ్డ మంచిదో చెడ్డదో పరీక్ష చేశాకే తెలుస్తుంది."

ఉపవాసదీక్షలో ఉన్న మనిషి లోపల పేగు తనను తానే భోంచేస్తూ కూర్చుందన్నమాట. నేను ఈ సంగతి జీర్ణించుకునే ప్రయత్నంలో ఉండగా బావ తల ఎత్తాడు.

"అయితే నేను తిన్నానన్నదీ నిజమే, తినలేదన్నదీ నిజమే కదండీ?"

"మీరు మాట్లాడకండి," అంది సర్జన్.

అక్క చేతిలో ఆయన చెప్పులున్నాయి. స్కాన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు ఎవరో విప్పి ఆమె చేతిలో పెట్టారు. 'చెడ్డదో' అన్న మాట దగ్గర ఆమె ఆ చెప్పులను ఒకదానికొకటి ఆనించి, గుండెకు హత్తుకుంది. ఆయన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు, తలుపు మూసుకుంది.

*

ఆ గడ్డ ఉత్త కొవ్వుముద్ద అని తరువాతి వారం తేలింది. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఇంటికి వచ్చిన ఆపద దానితో తీరలేదు.

ఆపరేషన్ అయిన మరునాడు సర్జన్ వచ్చి చెప్పింది. పేగు మూసుకున్నాక బావ తాగిన నీళ్ళు తాగినట్టే లోపల నిలిచిపోయాయి. కిందికి దారి లేదు, ఒంటికి పట్టలేదు. బరువు అదే. ఆ ఆఖరి పూట తిన్న రొట్టెలో మిగిలిన తునకలు తప్ప ఆయన కడుపులో ఘనపదార్థమన్నది లేదు.

"ఎన్ని నీళ్ళండీ?" అని అడిగాడు మేస్త్రి.

"సుమారు—" అందావిడ. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

వార్త గేటుకు చేరింది. మావాళ్ళు తమ కాటా నిర్దోషి అని, తమ నాయకుడూ నిర్దోషి అని ఏకకాలంలో ప్రకటించి, ఇద్దరికీ కలిపి ఒకే దండ తెచ్చారు. సమ్మె మాత్రం ఎవరూ గెలవకుండా, ఎవరూ ఓడకుండా ముగిసింది. ముల్లుకాటాలు ఉంటాయి, కాని తక్కువ ఉంటాయి. మనుషులు ఉంటారు, కాని కొత్తవాళ్ళను తీసుకోరు. ఎందుకు ఒప్పుకున్నామో మాకు తెలియలేదు. ఎందుకు ఒప్పుకున్నారో వాళ్ళకూ తెలిసినట్టు లేదు.

బావ ముక్కులో గొట్టంతో పడుకుని, ఈ వార్తలన్నీ విని, అక్క వైపు తిరిగాడు. ఆయన ముఖం విముక్తుడైన ఖైదీ ముఖంలా ఉంది.

"ఏమే, నేను తినలేదట," అన్నాడు.

"అలాగా," అంది అక్క.

మా బావ త్రాసు ముల్లు వెంట్రుకవాసి వంగితే పసిగట్టగలడు. ఆ 'అలాగా' బరువు తెలియడానికి ఆయనకు ఒక పూట పట్టింది. అప్పటినుంచి ఆమె సేవలో లోటు లేదు. ఒళ్ళు తుడిచేది, దిండు సర్దేది, మందుల వేళకు నర్సును పిలిచేది. కాని ఆయన అడిగిన ఏ ఒక్క విషయానికీ తన నోటితో జవాబు చెప్పేది కాదు.

"నాకు జ్వరం ఉందేమో, చెయ్యి పెట్టి చూడు."

ఆమె థర్మామీటరు అందించేది. "ఇది చెబుతుంది."

"బయట వాన పడుతోందా?"

"కిటికీ మీ పక్కనే ఉంది."

"కుట్టు దగ్గర ఎర్రబడిందా?"

"నర్సు వస్తుంది. అడగండి."

ఒకసారి ఆమె లేనప్పుడు బావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "ఒరేయ్, మీ అక్క నాతో మాట్లాడుతోందా, లేదా?"

"మాట్లాడుతోంది కదా, బావా."

"మాటలు వినబడుతున్నాయి రా. మనిషి వినబడట్లేదు." ఆయన పైకప్పు వైపు చూశాడు. "క్షమించమని అడిగితే?"

"దేనికని అడుగుతావు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. కాటా నిజమే చెప్పింది. ఆయన దాన్ని నమ్మాడు. అక్కా నిజమే చెప్పింది. ఇంత నిజం ఒక్క గుడారంలో పోగైతే, ఎవరికైనా ఊపిరాడదేమోనన్న చోటికి వచ్చి నా ఆలోచన ఆగిపోయింది. ఆయన ఆలోచన ఎక్కడ ఆగిందో నాకు తెలియదు.

ఇక ఆ దినాల్లో ఆసుపత్రి యావత్తూ మా బావ నుంచి ఒకే ఒక సమాచారం కోసం ఎదురుచూస్తోంది. పేగు కోసి కుట్టినవాళ్ళకు, అది మళ్ళీ పనిలోకి దిగిందని తెలిపే తొలి శుభశకునం అపానవాయువు. అది వెలువడేదాకా చుక్క నీళ్ళు పొయ్యరు. సర్జన్ వచ్చి, "గాలి పోయిందా?" అని అడిగేది. నర్సులు అడిగేవారు. పరామర్శకు వచ్చిన మావాళ్ళు గుమ్మం దగ్గరే గొంతు తగ్గించి, "అన్నకు ఇంకా కాలేదా?" అనేవారు. గేటు దగ్గర ఆ విషయమై పందేలు కూడా నడిచాయని తరువాత విన్నాను. ఒక మహానాయకుడి నోటి మాట కోసం కూడా ప్రజలు అంతగా తపించి ఉండరు. ఆయన పెదాలు బీటలు వారాయి. తడి దూది అద్దితే, దాన్ని వదలకుండా పంటితో పట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోయాడు. మంచం ఒక పక్క అక్క కూర్చుంది. రెండో పక్క స్టూలు మీద ముల్లు మేస్త్రి, ఫ్యాను రెక్కలు తిరగడంలో తేడా ఉందేమోనని పరిశీలిస్తున్నాడు. నేను గుమ్మం దగ్గర పాత పత్రిక చదువుతున్నాను. సర్జన్ విసవిసా వచ్చి, బావ భుజం తట్టి లేపింది.

"గాలి పోయిందా?"

బావ కళ్ళు నులుముకుని, తన ఒళ్ళంతా ఒకసారి విచారించుకుని, నిజాయితీగా తల అడ్డంగా ఊపాడు. "లేదండీ."

"పోయింది," అంది అక్క. "ఇందాక. నిద్రలో."

నిద్రలో అన్న మాటకు మంచం చుట్టూ గాలి నిలిచిపోయింది. అక్క నేలవైపు చూస్తోంది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికీ, మళ్ళీ చెప్పడానికీ కూడా సిద్ధంగా లేదు. మేస్త్రి ఫ్యాను వదిలేసి, "చెల్లెమ్మా, ఇంకెవరైనా—" అని మొదలుపెట్టాడు. నేను పత్రిక వెనక తల దాచుకున్నాను. నన్ను సాక్ష్యం అడుగుతారేమోనని భయం వేసింది; పోయిందో లేదో నేనైతే వినలేదు.

"నాకేమీ తెలియలేదండీ," అన్నాడు బావ సర్జన్‌తో. తరువాత చెయ్యి కొద్దిగా ఎత్తి, స్నేహితుణ్ణి ఆగమన్నాడు. ఎండిన నాలుకతో పెదాలు తడుపుకోబోయాడు, తడి లేదు.

"ఆవిడ మేలుకునే ఉందండీ," అన్నాడు. "పోయే ఉంటుంది."

సర్జన్‌కు ఇందులో విశేషమేమీ కనబడలేదు. స్టెతస్కోపు పొట్టకు ఆనించి విన్నది, రెండు వేళ్ళతో నొక్కి చూసింది, "నీళ్ళు మొదలుపెట్టండి, చెంచాతో, మెల్లగా," అని పక్క మంచానికి వెళ్ళిపోయింది.

అక్క గ్లాసులో నీళ్ళు పోసింది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, ఒక చెంచా పోసింది. ఆయన గొంతు కదిలింది. ఇంకొకటి పోసింది. ఆయన కళ్ళు మూసుకుని, ఆ నీళ్ళు ఎంతవరకు వెళ్ళాయో లోపలే వెంబడించి చూసుకున్నాడు. తరువాత కళ్ళు తెరిచి అడిగాడు.

"ఇంకా తాగొచ్చా?"

అక్క నర్సును పిలవలేదు. గ్లాసు వైపు కూడా చూడలేదు. ఆయన ముఖం వైపు కాసేపు చూసింది.

"రెండు చెంచాలు తాగొచ్చు," అంది.